గురువారానికల్లా డిక్కీ తెరుచుకోవాలి!

కోనసీమలో ఒక కారు ఎన్నేళ్లుగా తిరుగుతోందో తెలుసుకోవాలంటే మీటరు చూడనక్కర్లేదు. డిక్కీ ఎత్తి చూస్తే చాలు. మూలమూలల్లో కొబ్బరి పీచు, చాప కింద నాలుగు ధాన్యం గింజలు, ఎప్పుడో అంతర్వేది తీర్థానికి వెళ్లొచ్చినప్పటి ఇసుక, రావులపాలెంలో కొన్న అరటిగెల తాలూకు జిగురు మరక... అన్నీ అక్కడే ఉంటాయి. హైదరాబాదులో ఉన్న పిల్లల దగ్గరికి బయల్దేరితే ఒలిచిన కొబ్బరికాయలు ఓ బస్తా అయినా పడాల్సిందే. పండక్కొచ్చిన అల్లుడు తిరిగి వెళ్లేటప్పుడు ఆత్రేయపురం పూతరేకుల పెట్టెలు నలక్కుండా ఎక్కడ పెట్టాలా అని ఇంటిల్లిపాదీ చర్చ చేసేది కూడా ఆ డిక్కీ ముందు నిలబడే.

రాజోలు అవతల ఓ పల్లెటూళ్లో ఉండే రిటైర్డు లెక్కల మాస్టారి కారులో మాత్రం కొన్ని నెలలుగా కొబ్బరికాయలకు చోటు లేదు. డిక్కీలో ఒకటే సామాను... మడతపెట్టే చక్రాల కుర్చీ. అది మాస్టారి తల్లిది. ఎనభై రెండేళ్ల ఆవిడ వానాకాలంలో నూతి గట్టు దగ్గర జారి పడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషనైతే చేశారుగానీ, వారానికి రెండుసార్లు అమలాపురం తీసుకెళ్లి కాలికి వ్యాయామం చేయించాలన్నారు డాక్టర్లు. మానేస్తే కీలు బిగుసుకుపోతుందనీ, ఆ తరవాత మంచమే గతి అనీ ముందే హెచ్చరించారు. సోమవారం, గురువారం. పొద్దున ఎనిమిదిన్నరకు కారు బయల్దేరాలి. వెనక సీటంతా మామ్మగారిదే. తలగడ ఆనుకుని కాలు చాపుకుని కూర్చుంటారు. ముందు మాస్టారు, పక్కన ఆయన భార్య.

ధనుర్మాసం మొదలైన దగ్గర్నుంచీ డిక్కీ పేచీ పెట్టడం మొదలెట్టింది. పొద్దున్నే మీట నొక్కితే పలకదు. నాలుగైదుసార్లు నొక్కి, అరచేత్తో రెండు దెబ్బలు వేస్తే అప్పుడు తెరుచుకునేది. తమాషా ఏమిటంటే, అదే డిక్కీ మధ్యాహ్నం పూట ఒక్క నొక్కుకే వచ్చేసేది. 'చలికి మనుషులకే కీళ్లు పట్టేస్తుంటే ఇనుముకు పట్టవా' అన్నారు మామ్మగారు. ఆవిడ సరదాకి అన్నమాట. అందులో సగం నిజం ఉందని తరవాత తేలింది.

ఓ సోమవారం అమలాపురంలో ఆసుపత్రి ముందు కారు ఆగింది. మాస్టారు దిగి వెనక్కి వెళ్లి మీట నొక్కారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. రిమోట్‌తో తాళం వేసి తీశారు. ఇంజను ఆపి మళ్లీ వేశారు. దెబ్బలు వేశారు. ఊహూఁ!

వెనక సీటు ముందుకు మడిస్తే లోపల్నుంచి కుర్చీ లాగొచ్చు. కానీ ఆ సీటు మీద మామ్మగారున్నారు. సీటు మడవాలంటే ఆవిడ దిగాలి. ఆవిడ దిగాలంటే చక్రాల కుర్చీ రావాలి. ఆ కుర్చీ సీటు వెనకాల ఉంది! ముప్ఫై ఆరేళ్లు లెక్కలు చెప్పిన మాస్టారికి ఆ లెక్క మాత్రం తెగలేదు. ఆవిడ తల మీదుగా లాగుదామంటే పదిహేను కిలోల ఇనుము. జారితే ఇంకేమైనా ఉందా?

ఆసుపత్రి కుర్చీలు ఉన్నవి రెండు. ఒకటి పైఅంతస్తులో ఉంది, రెండోదాని టైరు ఊడింది. ధనుర్మాసమైనా పదకొండయ్యేసరికి ఎండ చురుక్కుమంది. తలుపులన్నీ బార్లా తీసి, కోడలు అత్తగారికి పమిటచెంగుతో విసురుతూ నిలబడ్డారు. ముప్పావుగంట గడిచింది. చివరికి ఎదురుగా ఉన్న టిఫిన్ కొట్టాయన ఓ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. ఇద్దరు ఆటోవాళ్లు, కొట్లో పనిచేసే కుర్రాడు, మాస్టారు... నాలుగు పక్కలా నలుగురు పట్టుకుని మామ్మగారిని కుర్చీతో సహా మోసుకుంటూ లోపలికి తీసుకెళ్లారు. వరండాలో కూర్చున్న జనమంతా లేచి చూశారు.

'అంతర్వేది స్వామివారి ఊరేగింపులా ఉందర్రా' అని ఆవిడ నవ్వేశారు. ఆటోవాళ్లూ నవ్వారు. ఇంటికొచ్చాక మాత్రం ఆ నవ్వు లేదు. రాత్రి అన్నం తింటూ కోడలితో అన్నారు: 'గురువారం నేను రానమ్మాయ్. ఆ మోతలు మోయించుకునే కన్నా ఇంట్లో పడుంటాను.'

మాట కరుకుగా లేదు. అందుకే మాస్టారికి భయమేసింది. కేకలేస్తే సర్దిచెప్పొచ్చు. నెమ్మదిగా అన్నమాటను ఆవిడ వెనక్కి తీసుకోరని అరవై నాలుగేళ్లుగా ఆయనకు తెలుసు. అంటే గురువారానికల్లా డిక్కీ తెరుచుకోవాలి. ఉన్నవి రెండు రోజులు.

అసలు ఈ డిక్కీ అన్న మాటకే ఓ కథ ఉంది. ఇంగ్లండులో గుర్రబ్బళ్ల కాలంలో బండి వెనకాల నౌకర్లు కూర్చునే చోటును డిక్కీ అనేవారు. తొలినాటి కార్లలో అది వెనకవైపు తెరిచే మడత సీటు అయింది. తరవాత మనిషి పోయి సామాను వచ్చినా పేరు మాత్రం మన దగ్గర అలాగే ఉండిపోయింది. ఇంగ్లండువాళ్లేమో ఇప్పుడు దాన్ని బూట్ అంటారు, అమెరికావాళ్లు ట్రంక్ అంటారు. మనం స్కూటరుకున్న చిన్న పెట్టెను కూడా డిక్కీ అనే పిలిచాం.

అంబాసిడర్ కార్ల రోజుల్లో డిక్కీకి తాళంచెవి పెట్టుకునే కన్నం ఉండేది. చెవి తిప్పాలి, ఎత్తాలి. ఆ తరవాతి చిన్న కార్లలో చాలావాటికి డ్రైవరు సీటు పక్కన కిందుగా ఓ మీట వచ్చింది. దాన్నుంచి వెనక గొళ్లెం దాకా ఉక్కు తీగ. సైకిలు బ్రేకు ఎలా పనిచేస్తుందో అదీ అంతే. తీగ తెగితే తెగిందని చేతికే తెలిసిపోయేది. ఇప్పటి కార్లు అలా కావు. చాలావాటికి వెనక తాళం కన్నమే లేదు. నంబరు ప్లేటు పైన రబ్బరు తొడుగు కింద దాక్కున్న మీట ఏ గొళ్లేన్నీ కదపదు. 'తెరవండి బాబూ' అని కబురు పంపుతుంది, అంతే! ఆ కబురు వైర్ల గుండా లోపలి ఎలక్ట్రానిక్ పెట్టెకు చేరాలి. తాళాలు తీసే ఉన్నాయా, బండి ఆగే ఉందా అని అది చూసుకోవాలి. అప్పుడు గొళ్లెం దగ్గరున్న బుల్లి మోటారుకు కరెంటు పంపాలి. దారిలో ఎక్కడ తేడా వచ్చినా మనిషికి కనబడేది ఒక్కటే... మూసుకున్న తలుపు.

మంగళవారం పొద్దున్నే వైద్యులు బయల్దేరారు. పక్కింటాయన కొబ్బరికాయలు ఒలిచే గునపం పట్టుకుని వచ్చేశాడు. 'సందులో పెట్టి ఓ తన్ను తంతే అదే వస్తుందండీ' అని ధైర్యం చెప్పాడు. తలుపు వస్తుంది నిజమే, మళ్లీ పడదు! మాస్టారు దణ్ణం పెట్టి పంపించేశారు. హైదరాబాదు నుంచి కొడుకు వీడియో కాల్ చేసి ఫ్యూజులు చూడమన్నాడు. చూశారు, బాగానే ఉన్నాయి. సర్వీసు సెంటరుకు ఫోన్ చేస్తే 'బండి తీసుకురండి. గొళ్లెం మొత్తం మార్చాల్సి రావచ్చు. పార్టు తెప్పించాలంటే వారం పడుతుంది' అన్నారు. ఖర్చెంతని అడిగితే ఐదువేల పైమాటే అని వినబడింది. డబ్బు సంగతి అలా ఉంచితే వారం అన్న మాటే మింగుడు పడలేదు.

సాయంత్రం రాజోలు వెళ్లి, రోడ్డు పక్క రేకుల షెడ్డులో కార్ల వైరింగు పని చేసే ఆయన్ని పట్టుకున్నారు. 'ఆయ్, పొద్దున్నే వస్తానండి మాస్టారూ. ఈలోపు దాన్ని ఎవరినీ కొట్టనివ్వకండి' అన్నాడాయన.

అన్నట్టే బుధవారం ఎనిమిదింటికల్లా వచ్చాడు. రాగానే పనిముట్ల సంచీ కింద పెట్టి డిక్కీకి చెవి ఆనించాడు.

'మీరు నొక్కండి మాస్టారూ.'

నొక్కారు.

'మళ్లీ.'

మళ్లీ నొక్కారు. మనిషి తల ఊపాడు. లోపల టిక్కుమంటే మోటారు తిరుగుతున్నట్టే, గొళ్లెం పట్టేసిందని అర్థమట. అప్పుడు తలుపును నడుంతో లోపలికి నొక్కిపట్టి మీట నొక్కితే చాలాసార్లు వదిలేస్తుంది. చప్పుడే లేదంటే మోటారు దాకా కరెంటు వెళ్లడం లేదని లెక్క. ఇక్కడ చప్పుడు లేదు. తరవాత బ్యాటరీకి మీటరు పెట్టి చూశాడు. పన్నెండున్నర ఓల్టులు చూపించింది. అదీ బాగానే ఉంది. లైట్లు వేసి వెనక్కొచ్చి నంబరు ప్లేటు పైన దీపం చూశాడు. వెలగడం లేదు. వెనక అద్దం తుడిచే వైపరు కూడా కదల్లేదు.

'దొరికిందండి' అన్నాడు. ఇంకా ఒక్క మర కూడా విప్పలేదు!

మాస్టారికి ముచ్చటేసింది. డిక్కీ తలుపులో కరెంటుతో పనిచేసేవి మూడుంటే మూడూ ఒకేసారి పడుకున్నాయి. మూడూ విడివిడిగా పాడవవు కదా. మూడింటికీ దారి ఒక్కటే అయ్యుండాలి. లెక్కల్లో ఉమ్మడి భాజకం తీసినట్టు తీశాడు మనిషి.

అయితే ఆ దారి చూడాలన్నా ముందు తలుపు తెరవాలి. ఇలాంటప్పటికోసం చాలా కార్లలో డిక్కీ తలుపుకు లోపలివైపు చిన్న మూత పెడతారు. అది ఊడదీస్తే గొళ్లేనికున్న నాలుక అందుతుంది. స్క్రూడ్రైవరుతో నెడితే తెరుచుకుంటుంది. అంటే లోపలికి ఎవరో ఒకరు దూరాలి. క్రిస్మస్ సెలవులకు వచ్చిన ఏడేళ్ల మనవడు అప్పటికే చెప్పులు విడిచి సిద్ధంగా ఉన్నాడు. 'నేను చిన్నగా ఉన్నాను తాతయ్యా, నేను పడతాను!'

మెకానిక్ ఒప్పుకోలేదు. అప్పటిదాకా నవ్వుతూ మాట్లాడుతున్నవాడు కాస్తా గొంతు మార్చాడు. 'వద్దు బాబూ. ఇవాళ మేం చూస్తుండగా దూరతావు. రేపు ఎవరూ లేనప్పుడు కూడా దూరొచ్చనుకుంటావు.'

ఆయన భయం ఉత్తది కాదు. 2025 మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో ఆడుకుంటూ ఆగి ఉన్న కారెక్కిన నలుగురు చిన్నపిల్లలు తలుపులు పడిపోయి ఊపిరాడక చనిపోయారు. ఎండలో మూసి ఉన్న కారు నిమిషాల్లో కొలిమవుతుంది. పెద్దవాళ్ల ఒంటికన్నా పిల్లల ఒళ్లు చాలా వేగంగా వేడెక్కుతుంది. అమెరికాలో 1998 వేసవిలో మూడు వేర్వేరు ఘటనల్లో పదకొండుమంది పిల్లలు కార్ల డిక్కీల్లో చిక్కుకుని ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1995లో దొంగలు డిక్కీలో పెట్టి తాళం వేస్తే భర్తతో సహా బతికి బయటపడిన జానెట్ ఫెన్నెల్ అనే ఆవిడ, లోపల్నుంచి తెరుచుకునే ఏర్పాటు కోసం అప్పటికే పోరాడుతున్నారు. చివరికి అక్కడి ప్రభుత్వం 2001 సెప్టెంబరు నుంచి తయారయ్యే కార్ల డిక్కీల్లో, చీకట్లో కూడా కనబడేలా, లోపల్నుంచి తీసుకునే పిడి ఉండి తీరాలని నిబంధన పెట్టింది. వెనక సీటుకూ డిక్కీకీ మధ్య అడ్డుగోడ లేని మాస్టారి కారులాంటి వాటికి మాత్రం ఆ నిబంధన వర్తించదు. సీటు మడిచి బయటికి రావచ్చు కదా అని వాళ్ల లెక్క. పెద్దవాళ్లకు సరే, ఏడేళ్లవాడికి ఆ సీటు మడవడం తెలుస్తుందా? మన ఇళ్లలో కారు తాళాలు ఇప్పటికీ టీవీ పక్కన, పిల్లలకు అందేంత ఎత్తులోనే వేలాడుతుంటాయి!

సరే, నాలుగు తలుపులూ బార్లా తీసి పెట్టి, సీటు మడిచి, టార్చిలైటు నోట కరుచుకుని మెకానిక్కే దూరాడు. ముందు చక్రాల కుర్చీ బయటికొచ్చింది. అరుగు మీంచి చూస్తున్న మామ్మగారు 'హమ్మయ్య' అన్నారు గానీ రేపటి ప్రయాణం ఊసెత్తలేదు. లోపల్నుంచి కాసేపు గొణుగుడు వినిపించింది. తరవాత టక్కుమని చప్పుడు. రెండ్రోజుల నుంచి బిగుసుకున్న తలుపు మెల్లగా పైకి లేచింది. వెనకాల మనిషి చెమటతో, తల నిండా పీచుతో ప్రత్యక్షమయ్యాడు.

గొళ్లెం విప్పి అరుగు మీద పెట్టి అందరికీ చూపించాడు. లోపల నల్లటి ముద్ద. కొబ్బరి పీచు, దుమ్ము, వాటిని పట్టి ఉంచిన జిడ్డు. 'ఇందులో కొబ్బరినూనె పోశారా అండీ?' అని అడిగాడు. మాస్టారి భార్య మాస్టారి వంక చూశారు. మాస్టారు పక్కింటి వైపు చూశారు. కోనసీమలో కిర్రుమన్న ప్రతిదానికీ కొబ్బరినూనే మందు. తలుపు బందులకు అదే, ఉయ్యాల గొలుసుకు అదే, మోకాళ్లకూ అదే. అయితే కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల కన్నా చల్లబడితే గడ్డకట్టేస్తుంది. ధనుర్మాసంలో తెల్లవారుజామున సీసాలో నూనె ఎలా పేరుకుంటుందో గొళ్లెంలోనూ అలాగే పేరుకుంది. ఎండెక్కాక కరిగింది. పొద్దున పలకని డిక్కీ మధ్యాహ్నం పలకడంలో కిటుకు అదన్నమాట. మామ్మగారి కీళ్ల సిద్ధాంతం అంత తప్పేం కాదు!

కానీ మొన్న సోమవారం మొరాయించింది నూనె వల్ల కాదు. అసలు దోషం పైన, తలుపు బందు దగ్గర ఉంది. కారు కప్పు నుంచి డిక్కీ తలుపులోకి వైర్లన్నీ ఏనుగు తొండంలాంటి ఓ రబ్బరు గొట్టంలోంచి వెళతాయి. తలుపు ఎత్తినప్పుడల్లా గొట్టం సాగుతుంది, దించినప్పుడల్లా మడతపడుతుంది. వేలసార్లు అలా వంగి వంగి వైర్లు అదే చోట పుటుక్కుమంటాయి. గొట్టం వెనక్కి లాగి చూస్తే రెండు వైర్లు తెగి ఉన్నాయి. అందులో ఒకటి మూడింటికీ ఉమ్మడిగా వెళ్లే ఎర్త్ వైరు. తెగినచోట రాగి పచ్చగా చిలుము పట్టి, ముట్టుకుంటే పొడి రాలింది.

'ఇది మన గాలి పనండి' అన్నాడు మెకానిక్. ఓ పక్క గౌతమి, ఓ పక్క వశిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణాన సముద్రం. గాలిలో తేమకు కొదవ లేదు, తీరం దగ్గరయ్యే కొద్దీ ఉప్పు కూడా తోడు. ఇనుము తుప్పు పట్టినట్టే రాగి చిలుము పడుతుంది. పైగా కోనసీమలో కారు మీద ప్రేమ కొద్దీ ఓ పని చేస్తారు. వాన వెలవగానే తడి కారు మీద టార్పాలిన్ కప్పేస్తారు. తడి బయటికి పోలేక లోపలే ఉడుకుతుంది. మాస్టారి కారుకు 2022 జులై వరద జ్ఞాపకం కూడా ఉంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటి పారిన ఆ రోజుల్లో లంకలన్నీ మునిగితే ఊళ్లో బళ్లన్నీ, గేదెలతో పాటు, ఏటిగట్టు ఎక్కాయి. మాస్టారి కారు వారం రోజులు టార్పాలిన్ కింద వానకు నానింది. రబ్బరు గొట్టానికి చిన్న చీలిక ఎప్పుడు పడిందో ఎవరు చూడొచ్చారు?

మరమ్మతు గంటన్నర పట్టింది. తెగిన చోట ఊరికే మెలేసి టేపు చుట్టలేదాయన. అలా చేస్తే నెలకే మళ్లీ వస్తుందన్నాడు. చిలుము పట్టినంత మేరా కత్తిరించేసి, నడుమ జానెడు కొత్త వైరు వేసి టంకం పెట్టాడు. టంకం పడినచోట వైరు గట్టిపడిపోతుంది కనక, అతుకు మడత దగ్గర కాకుండా కాస్త లోపలికి వచ్చేలా చూసుకున్నాడు. వేడి చేస్తే బిగుసుకునే గొట్టం తొడిగాడు. గొళ్లేన్ని పెట్రోలుతో కడిగి, ఆరబెట్టి, తెల్ల గ్రీజు వేలి కొసంత రాశాడు. 'ఇక దీనికి తలంటు పోయకండమ్మా' అని మాస్టారి భార్యకు చెప్పాడు. మీట నొక్కితే టిక్కుమంది. తలుపు లేచింది. నంబరు ప్లేటు దీపం పగలే వెలిగింది. మజూరీ నాలుగొందలు అడిగాడు. మాస్టారు ఐదొందలిస్తే వంద తిరిగిచ్చేశాడు.

వెళ్లబోతూ ఓ మాటన్నాడు. 'వైరు వేశాం గానీ మాస్టారూ, కరెంటు వస్తువును నమ్మలేం. మామ్మగారు వెనకే కూర్చుంటారు కదా. గొళ్లెం నాలుకకి ఓ తాడు కట్టి సీటు దాకా తెద్దామా?' మాస్టారు వెంటనే కొట్టంలోకి వెళ్లి సన్నటి పీచు తాడు తెచ్చారు. మెకానిక్ నవ్వాడు. 'ఆ పీచు తీయడానికేగా అండీ పొద్దుట్నుంచీ ఈ తిప్పలు!' తన సంచీలోంచి చేపల వలకు వాడే నైలాను తాడు తీసి, నాలుకకు ముడేసి, మూత కన్నంలోంచి ఇవతలికి తెచ్చి, తలుపు ఎత్తితే తెగనంత వదులు ఉంచి వెనక సీటు అంచున ఉచ్చులా కట్టాడు. కారు నడుస్తుండగా పొరపాటున లాగకూడదని మనవడికి ఒకటికి రెండుసార్లు చెప్పాడు. అందుకని ఉచ్చును తలగడ వెనక్కి, పెద్దవాళ్ల చేతికే అందేలా మార్చాడు కూడా.

మామ్మగారు అరుగు మీంచి ఇదంతా చూస్తున్నారు. 'ఏదీ, నన్ను ఓసారి ఎక్కించండి' అన్నారు. మాస్టారు, కోడలు పట్టుకుని చక్రాల కుర్చీలోంచి వెనక సీట్లోకి చేర్చారు. తలగడ సర్దుకుని, చెయ్యి వెనక్కి పెట్టి ఉచ్చు వెతుక్కుని లాగారు. మొదటిసారి రాలేదు. 'కొంచెం గట్టిగా అండి' అన్నాడు మెకానిక్. రెండోసారి టక్కుమంది. మళ్లీ వేయమని మళ్లీ లాగారు. మూడుసార్లు లాగి చూసుకున్నారు.

గురువారం ఎవరూ బతిమాలలేదు. ఏడున్నరకే తల దువ్వించుకుని, చీర మార్చుకుని కూర్చున్నారు. డిక్కీలో కుర్చీ పెడుతుంటే కోడల్ని పిలిచి, దాని పక్కన ఒలిచిన కాయలు ఇరవై పెట్టించమన్నారు. పీచు రాలకుండా గోనెసంచిలో కట్టి మరీ.

'ఎవరికండీ?' అంది కోడలు.

'ఆ ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చాడే, టిఫిన్ కొట్టాయన... ఆయనకి. చట్నీలోకి పనికొస్తాయి.'